రేవిన్ ఆంటీ ఒళ్ళో గేజి

రేవిన్ ఆంటీ ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఏటా, రెండు దీవుల మధ్య ఉన్న కుక్ జలసంధిని దాటింది. ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. పిక్టన్‌లో ఓడ ఎక్కడం, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం, ఒళ్ళో ఉన్ని టోపీని రెండు చేతులతో పట్టుకోవడం, మూడున్నర గంటలు దాన్నే చూస్తూ కూర్చోవడం. టోపీలో ఉన్నది పిల్లికూన కాదు, పసిబిడ్డ కాదు. పిడికిలంత గేజి, ఒత్తిడి కొలిచే పరికరం. మా ఫ్యాక్టరీలో మిగిలిన గేజిలన్నీ దాన్ని చూసి మాట సరిచేసుకుంటాయి. అదేమో ఏడాదికోసారి వెల్లింగ్టన్ వైపు ఉన్న కొలతల లేబొరేటరీకి వెళ్ళి తన మాట సరిచూసుకుని వస్తుంది. పార్సిల్లో పంపితే ఎవడో విసిరేస్తాడని ఆంటీ భయం. అందుకే ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళేది.

ఒక ఏడాది దక్షిణపు గాలి ఎంత గట్టిగా కొట్టిందంటే, ఓడ వంటగదిలోని మాంసం కూరిన రొట్టెలన్నీ ఎగిరి కెప్టెన్ గదిలో పడ్డాయి. కింది అంతస్తులో లారీలు చోట్లు మార్చుకున్నాయి. తెల్లగా ఎక్కిన గొర్రెలు పచ్చగా దిగాయి. ఓడంతా సంచులు పట్టుకుని కక్కుతుంటే ఆంటీ ఒక్కత్తే టోపీని గుండెకి అదుముకుని నిటారుగా కూర్చుందట. నేను ఆ ఓడలో లేను. లేకపోయినా నాకన్నా బాగా చెప్పగలిగినవాడు మా ఊరు హావ్‌లాక్‌లో ఇంకొకడు లేడు.

నా పేరు రావిరి. రెండో డ్రయ్యర్ నాది. అంటే కంపెనీదే. కానీ నేను చెయ్యి వేయకపోతే దాని తలుపు కూడా మూసుకోదు. నెల్సన్‌లో పాలిటెక్నిక్‌కి పదకొండు వారాలు వెళ్ళాను. పన్నెండో వారానికి మాస్టార్లకి నేర్పడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదని మానేశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళుగా ఆల్చిప్పల మాంసం ఎండబెడుతున్నాను.

పని చెప్పడానికి తేలిక. ఆకుపచ్చ అంచుండే ఆల్చిప్పల మాంసాన్ని రుబ్బి, ట్రేలలో గడ్డకట్టించి, డ్రయ్యర్ అనే, లారీ పట్టేంత ఉక్కు గదిలో పేర్చి తలుపు బిగిస్తాం. పంపు లోపలి గాలిని లాగేస్తుంది. గాలి దాదాపు లేనిచోట ఐసు నీరు కాకుండానే ఆవిరై వెళ్ళిపోతుంది. మిగిలేది పొడి. మోకాళ్ళ నొప్పులకి మంచిదని ఎక్కడెక్కడి వాళ్ళో గుళికలుగా మింగే పొడి. రేవిన్ ఆంటీ మోకాళ్ళు రెండూ పాడైపోయాయి, కానీ ఆమె దాన్ని ముట్టదు. "ముప్ఫై ఏళ్ళు దాని వాసన పీల్చాను నాయనా. మందు పనిచేసేదైతే ముక్కులోంచే పనిచేసి ఉండేది," అంటుంది.

డ్రయ్యర్ నెత్తి మీద రెండు గేజిలు ఉంటాయి. ఒకటి పొర గేజి. దాని లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. వాయువు దాన్ని ఎంత నొక్కితే గేజి అంత చెబుతుంది. నొక్కేది గాలా, ఆవిరా అన్నది దానికి అనవసరం. రెండోది తీగ గేజి. సన్నటి వేడి తీగ, అంతే. చుట్టూ ఉన్న వాయువు ఆ వేడిని ఎంత దోచుకుపోతే అంత ఒత్తిడి ఉందనుకుంటుంది. పొడి గాలి కొంచెం దోచుకుంటుంది. నీటి ఆవిరి దొరికినంతా దోచుకుంటుంది. కాబట్టి గదిలో ఆవిరి ఉన్నంతసేపూ తీగ గేజి ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు పైనే చెబుతుంది. అచ్చం నాలాగే.

పొర నలభై అంటే తీగ అరవై నాలుగు అంటుంది. గంటల తరబడి రెండూ అలా ఎవరి మాట వాళ్ళు పట్టుకుని కూర్చుంటాయి. ఐసు మొత్తం అయిపోయాక లోపల మిగిలేది ఒత్తిడి నిలపడానికి మేం సన్నగా వదిలే పొడి గాలే. అప్పుడు తీగ మెల్లమెల్లగా దిగి వచ్చి పొర పక్కన నిలబడుతుంది. రెండూ ఒకే అంకె చెప్పాయంటే సరుకు ఎండినట్టు. తలుపు తీసి చూడక్కర్లేదు. యంత్రం కూడా అదే నమ్ముతుంది. పద్నాలుగు గంటలు దాటాక రెండు అంకెలూ కలిసిన క్షణాన పచ్చ దీపం వెలిగించి పని ముగిస్తుంది. మామూలుగా అది ఇరవై, ఇరవై రెండు గంటలకి జరుగుతుంది.

ఇదంతా నాకు చెప్పింది రేవిన్ ఆంటీ. ఆమెకి చెప్పినవాడు ఒక డెన్మార్క్ మనిషి. మొదటి డ్రయ్యర్ బిగించడానికి వచ్చి రెండు నెలలున్నాడు, ఎవరికీ ఏదీ వివరించేవాడు కాదు. అప్పట్లో ఆంటీ చిప్పలు విప్పే బల్ల దగ్గర పనిచేసేది. అతనికి టీ తెచ్చి ఇచ్చి, తాగేదాకా కప్పు వదలకుండా పట్టుకుని ఒక ప్రశ్న అడిగేది. కప్పుకో ప్రశ్న. రెండు నెలల్లో ఎన్ని కప్పులు తాగుతాడో లెక్కేసుకోండి. అతను వెళ్ళిపోయే రోజున తన చిన్న స్క్రూడ్రైవర్ ఆమెకి ఇచ్చి వెళ్ళాడు.

గేజిలు సరిచూసే పని చూడటానికి మహా విసుగు. నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నిద్రపోయాను. ఆంటీ పొద్దున్నే వచ్చి, డ్రయ్యర్ గేజిలు రెండూ, టోపీ గేజీ, మూడింటినీ ఒకే చిన్న ఉక్కు కుండకి, ఒకే ఎత్తులో బిగిస్తుంది. టోపీలోంచి తీసిన పెద్దది మధ్యలో. దానికి ఆమె పెట్టిన పేరు పెద్దమ్మ. అన్నిటికీ కరెంటు ఇచ్చి గంటల తరబడి ముట్టుకోదు. "వేడెక్కని గేజి నిద్ర చాలని మనిషిలాంటిది, దాని మాట పట్టించుకోకు," అంటుంది. తర్వాత మంచి పంపుతో ఇంక లాగడానికేమీ మిగలనంత వరకూ లాగి సున్నా సరిచేస్తుంది. ఆ తర్వాత సూదంత సందులోంచి పొడి నైట్రోజన్ వదులుతూ ఒత్తిడిని పది మెట్లుగా పెంచుతుంది. మెట్టుమెట్టుకీ మూడూ కదలకుండా నిలబడేదాకా ఆగి, మూడు అంకెలూ రాస్తుంది. ఏ ఒక్క గేజీ దారంతా చూడలేదు. పొర చూపు మందగించేచోట ఒకటి, తీగ తడబడేచోట ఇంకొకటి. ఒకదాని చేతిలోంచి ఇంకొకదాని చేతిలోకి అంకెని జారకుండా అందించడమే ఆమె పని. అన్నీ అయ్యాక సరిచేసిన స్క్రూ మీద లేత గులాబీ రంగు గోళ్ళ పాలిష్ చుక్క పెడుతుంది. ఆ చుక్క పగిలిందంటే ఎవరో చెయ్యి పెట్టినట్టు. ఆపైన కాగితం మీద సంతకం, ముద్ర.

ఈ ఏడాది మొదట్లోనే, జూన్‌లో ముద్ర తిరిగి ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానంది. కంటికి శుక్లం. ఆపరేషన్ వరుసలో ఎనిమిది నెలలుగా ఉంది. ఇంట్లో డెస్, ఆమె భర్త, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి లేవనివాడు. వాళ్ళ ఊరు కాన్వాస్‌టౌన్‌లో అతన్ని లేపి, స్నానం చేయించి, గంజి తాగించి పనికి వచ్చేది. వచ్చేసరికే సాయంత్రం మనిషిలా ఉండేది.

అప్పుడు వచ్చాడు ఫెర్గస్. కొత్త మేనేజరు. ఉత్తరాన పాలపొడి ఫ్యాక్టరీ నుంచి. చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంటాడన్న ఒక్క లోపం తప్ప. మార్చి మొదట్లో రెండో డ్రయ్యర్ దగ్గర నిలబడి రెండు అంకెలూ చూశాడు. మర్నాడు గోడ మీద కాగితం అంటించాడు. ఒకే గదిలోని రెండు గేజిల మధ్య తేడా పది శాతం దాటితే రేవిన్‌ని పిలవాలి. ఆమె పైకెక్కి చూసి, సంతకం పెట్టాలి.

ఆంటీ ఆ కాగితాన్ని ముక్కుకి ఆనించి చదివి అతని గదికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను, అలాంటివి వదులుకునే మనిషిని కాదు.

"ఫెర్గస్ బాబూ, అవి తేడాగా చెప్పడమే వాటి పని."

"రేవిన్ గారూ, గోడ మీద రెండు గడియారాలు రెండు టైములు చెబితే ఒకటి తప్పేగా?"

"ఇవి గడియారాలు కావు. ఒకటి నొక్కుడు చూస్తుంది, ఒకటి వేడి చూస్తుంది."

"మరి రెండింటి మీదా ఒత్తిడి అనే రాసుందే?"

ఆంటీ కళ్ళు చికిలించి అతని వైపు చూసింది. అతను కనిపించాడో లేదో తెలియదు. "ఉంది," అంది చివరికి. "రాసుంది." అని వచ్చేసింది.

ఇక చూడండి. ప్రతి లోడుకీ తేడా ఉంటుంది. ప్రతి లోడుకీ ఆమెని పిలవాలి. నిచ్చెనకి పంతొమ్మిది మెట్లు. పైకి వెళ్ళేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకునేది, దిగేటప్పుడు పళ్ళు బిగపట్టేది. పైన చేసేదేమిటి? రెండు గేజిలనీ చూసి, ఉన్నట్టే ఉన్నాయని సంతకం పెట్టడం. ఐదు వారాలు. వానలో, చలిలో, డెస్‌కి జ్వరం వచ్చిన వారంలో కూడా. ఏప్రిల్ ఎనిమిదిన దిగి వచ్చి, బోర్లించిన తొట్టి మీద కూర్చుని, బూట్లు విప్పలేక అలాగే ఉండిపోయింది.

"ఆంటీ, నువ్వు కిందే ఉండు. నేనెక్కి చూసొచ్చి ఉన్నట్టే ఉన్నాయని చెబుతా, నువ్వు సంతకం పెట్టు," అన్నాను.

"నేను చూడనిదాని మీద నేను సంతకం పెట్టను, రావిరీ."

"నీ కళ్ళకి ఎలాగూ కనబడవుగా?"

"వేలు పెట్టి తడుముతా. నోరు మూసుకుని ఆ టీ ఇలా ఇయ్యి."

మర్నాడు, ఏప్రిల్ తొమ్మిదిన, ఆమె రాలేదు. డెస్‌ని బ్లెనమ్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పొద్దున ఏడింటికి లోడు పెట్టాను. పదింటికి పొర నలభై, తీగ అరవై నాలుగు. కాగితం గోడ మీద నన్ను చూస్తోంది. సాయంత్రం ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చి ఆమె ఆ పంతొమ్మిది మెట్లూ ఎక్కడం నాకు కళ్ళ ముందు కనబడింది. నా తెలివి ఎందుకుంది మరి? చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ఎక్కాను. ఆంటీ పెట్టిన గులాబీ చుక్క గీకేసి, తీగ గేజి స్క్రూని అరవై నాలుగు నుంచి నలభైకి తిప్పాను. మా ఆవిడ లూపే గోళ్ళ పాలిష్ నా బండిలోనే ఉంది. చుక్క మళ్ళీ పెట్టాను. పదకొండు వారాల చదువు వృథా పోలేదనుకుంటూ ఈల వేస్తూ దిగాను.

కలిస్తే ఎండినట్టు అని ఆమె నాకు చెప్పింది. కలిపితే ఎండినట్టు కాదని చెప్పలేదు. అలాంటిది ఒకడికి చెప్పాల్సి వస్తుందని ఆమె అనుకుని ఉండదు.

ఆ లోడు పద్నాలుగు గంటలకే ముగిసింది. తర్వాతిదీ పద్నాలుగే. మూడోదీ అంతే. నేను ఊరుకుంటానా? దక్షిణార్ధగోళంలో ఆల్చిప్పని పద్నాలుగు గంటల్లో ఎండబెట్టిన మొదటి మనిషినని పబ్బులో చెప్పాను, మంగలి దగ్గర చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను. తలుపు మూసేటప్పుడు నేను వేసే ఈలలో ఒక రహస్యం ఉందని కూడా చెప్పాను. ఫెర్గస్ స్వయంగా మాంసం రొట్టె కొనిపెట్టి భుజం తట్టాడు. ప్యాకింగులో పనిచేసే షొనా మాత్రం, "నీ ఈలకి ఆల్చిప్పలేం, తోటలో చెట్లు కూడా ఎండిపోతాయి," అంది.

"నన్ను పిలవడం మానేశారేం?" అని ఆంటీ అడిగింది ఒకరోజు.

"అవి బుద్ధి తెచ్చుకున్నాయి ఆంటీ. ఇప్పుడు కొట్టుకోవడం లేదు."

ఆమె నిచ్చెన వైపు ఓసారి చూసింది. మోకాలు రుద్దుకుంటూ వెళ్ళిపోయింది.

మే రెండో వారంలో బస్తాలు తిరిగొచ్చాయి. ఆ మొదటి మూడు లోడులవీ. లోపల పొడి లేదు. గడ్డ. షొనా ఒక బస్తాని కత్తితో చీల్చి ఆ గడ్డని నేల మీద వేస్తే పెంకులా మోగింది. మేం పరీక్షకి తీసే చిటికెడు పొడి అంచు ట్రేలోది, అది ముందే ఎండుతుంది. మధ్య ట్రేలన్నీ తడిగానే సంచుల్లోకి వెళ్ళాయి.

ఫెర్గస్ ఆంటీని పిలిచాడు. ఆమె రెండు గేజిలనీ దింపించుకుని షెడ్డులో పెద్దమ్మ పక్కన బిగించింది. ఒకరోజంతా కూర్చుంది. పొర గేజి సరిగ్గా ఉంది. తీగ గేజి, పొడి నైట్రోజన్‌లో నలభై ఉన్నచోట పాతిక చెబుతోంది. స్క్రూ మీద చుక్క పగలకుండా ఉంది. ఆ గేజి దగ్గరికి చివరిసారి ఎక్కినట్టు కాగితంలో ఉన్నది ఆమే. ఏప్రిల్ ఎనిమిదో తారీకు, ఆమె సంతకం.

మర్నాడు టీ వేళకి అందరం బల్ల చుట్టూ ఉన్నాం. ఆంటీ కప్పు పట్టుకుంది కానీ తాగడం లేదు.

"నేనే చేశాను," అంది. "తడుముతూ స్క్రూ కదిపేసి ఉంటాను. ఆ అలసటలో మళ్ళీ చుక్క కూడా పెట్టేసుంటాను. నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే భయంగా ఉంది."

"అలా ఎందుకనుకుంటావ్ ఆంటీ?" అంది షొనా.

"మరెవరు? శుక్రవారానికి కాగితం మీద రాసిమ్మన్నాడు ఫెర్గస్. పాపం, మర్యాదగానే అడిగాడు. నా చెయ్యి తప్పిందని తేలితే ముద్ర ఇప్పుడే ఇచ్చేయాలి. నేను సంతకం పెట్టిన కాగితాలన్నీ మళ్ళీ తిరగేస్తారట. ముప్ఫై ఒక్క ఏళ్ళవి." కప్పు కింద పెట్టింది. "తిరగేయనీ. నాకు వాదించే ఓపిక లేదు."

నలభై ఉన్నచోట పాతిక. అరవై నాలుగు ఉన్నచోట నలభై. రెండుచోట్లా తగ్గింది ఒకే పాళ్ళలో. అప్పటిదాకా నా బుర్రలో విడివిడిగా ఉన్న రెండు ముక్కలు అతుక్కున్నాయి. కొరికిన బిస్కట్టు బల్ల మీద పెట్టేశాను.

"నేను తిప్పాను," అన్నాను.

ఎవరూ తల ఎత్తలేదు.

"నేనే తిప్పాను ఆంటీ. తొమ్మిదో తారీకున. నీ మోకాళ్ళు చూడలేక."

షొనా పకపకా నవ్వింది. "నిన్న అగ్నిమాపక బండిని ఆల్చిప్పతో బాగుచేశావు. మొన్న ముల్లుతోక టేకు చేపతో కుస్తీ పట్టావు. ఇవాళ ఇదా?"

"ఒట్టు. ఆ చుక్క ఆంటీది కాదు, మా లూపేది. అది ఎర్ర రంగు."

షెడ్డుకి వెళ్ళి చూశారు. గులాబీ, ఎరుపు, నూనె మసి పట్టాక రెండూ ఒకటే. ఫెర్గస్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. అతను లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆవిడ కోసం నింద నెత్తిన వేసుకుంటున్నావ్. నువ్వు మంచివాడివి రావిరీ. కానీ నీ మాట మీద నేను రిపోర్టు రాయలేను కదా," అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నన్ను మంచివాడన్నది అతనొక్కడే, అదీ నేను నిజం చెప్పినందుకు కాదు.

అన్నిటికన్నా ఆంటీ అన్నది గుచ్చుకుంది. బండి దగ్గర తాళాలు వెతుక్కుంటూ, నా వైపు చూడకుండా అంది. "నా కోసం అబద్ధం ఆడకురా. ఇప్పటికే చాలా మోస్తున్నాను. నీది కూడా మోయలేను."

ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళాను. లూపే ముందు కూర్చుని మొత్తం చెప్పాను. "నా పాలిష్ నువ్వా తీసింది!" అని ఆమె ఒక్కతే నమ్మింది. కానీ ఆమె నమ్మితే రిపోర్టు మారదు.

నా మాటకి విలువ లేదు, సరే. ఎవరి మాటకి ఉంది? ఆంటీ అయితే ఎవరినడుగుతుందో ఆలోచించాను. మనిషిని అడగదు. గేజిలనే అడుగుతుంది.

శుక్రవారం పొద్దున కంట్రోల్ గదిలో పాత రికార్డులు తీశాను. యంత్రం రెండు గేజిల మాటనీ నిమిషనిమిషానికీ గీతలుగా దాచుకుంటుంది. ఎవరూ చూడరు, చివరి అంకె చూసి మూసేస్తారు. ఆంటీకి తెర మీద కనబడదు. ఏప్రిల్ తొమ్మిదో తారీకు లోడుని పెద్ద కాగితం మీద అచ్చు తీయించి ఆమె షెడ్డుకి తీసుకెళ్ళాను. బల్ల మీద తెల్లకాగితం, పక్కన పెన్ను. ఇంకా ఏమీ రాయలేదు.

"ఆంటీ, నన్ను నమ్మకు. దీన్ని చూడు."

"ఇప్పుడెందుకురా?"

"ఒక్కసారి."

కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకుంది. దగ్గరికి, దూరానికి జరిపింది. తర్వాత బల్ల మీద పరిచి చూపుడు వేలు గీత మీద పెట్టి నడిపించడం మొదలుపెట్టింది. పై గీత, తీగది. తొమ్మిది, తొమ్మిదిన్నర, పది. వేలు ఆగింది. అక్కడ గీత నిట్టనిలువుగా కింద పడింది, గోడ మీంచి దూకినట్టు. పడి, పొర గీత మీద కూర్చుని ఇక లేవలేదు.

"టైమెంత?" అంది.

"పది గంటల పది నిమిషాలు."

"గాలి ఇలా మెట్టు దిగదు," అంది. "ఆవిరి తగ్గితే గంటల కొద్దీ వాలుతుంది. మెట్టు దిగేది చెయ్యి." వేలు అక్కడే ఉంచి అడిగింది. "తొమ్మిదో తారీకు పదింటికి నేనెక్కడున్నాను?"

"బ్లెనమ్‌లో. డెస్ బాబాయ్‌తో."

"స్కానింగ్ గది బయట. చేతిలో అతని చెప్పులు." కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను. "నేను కాదు," అంది, ఎవరికో చెబుతున్నట్టు. "నా చెయ్యి కాదు."

తర్వాత కళ్ళు తెరిచి నన్ను తిట్టింది. నేను చాలామంది చేత తిట్లు తిన్నాను, చేపల పడవల వాళ్ళ దగ్గర కూడా, కానీ అంత తీరిగ్గా, వరుసలో, ఒక్కటి కూడా రెండోసారి వాడకుండా తిట్టినవాళ్ళు లేరు. పదకొండు వారాలని కూడా వదల్లేదు. చివర్లో ఊపిరి తీసుకుని, "నేను మాత్రం? పిలవడం మానేసిన రోజే ఎక్కి చూడాల్సింది. మోకాళ్ళు సంతోషించాయి, నేను నోరు మూసుకున్నాను," అంది.

ఫెర్గస్ గదిలో ఆ కాగితం పరిచాం. మార్చి నెల కాగితాలు నాలుగు పక్కన పెట్టాం. వాటిలో రెండు గీతలూ గంటల తరబడి దూరంగా నడిచి, చివర్న మెల్లగా కలిశాయి. ఏప్రిల్ తొమ్మిది తర్వాతివి మొదటి నుంచీ అతుక్కునే ఉన్నాయి. అతను ఇటూ అటూ చూశాడు.

"అయితే... దూరంగా ఉంటేనే సరిగ్గా ఉన్నట్టా?"

"అదే కదయ్యా మార్చిలో చెప్పింది," అంది ఆంటీ, కోపం కూడా లేకుండా.

అతను లేచి వెళ్ళి గోడ మీది కాగితం తనే చించాడు. చించేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. ఆ కాగితం మా వంటగది గోడకి ఉంది. నా చేతికి అందిన మొదటి సర్టిఫికెట్ కదా. ఆంటీ కాగితాలు ఎవరూ తిరగేయలేదు. "ముద్ర మీ దగ్గరే ఉంచండి, ఇంకో ఏడాది ఉండిపోండి," అన్నాడు ఫెర్గస్.

"వద్దు నాయనా. తప్పు నాది కాదని తెలిసింది, చాలు. అంతమాత్రాన అలిసిపోలేదని కాదు."

తీగ గేజిని ఆమె మళ్ళీ సరిచేసింది. పది మెట్లూ. ఈసారి నేను నిద్రపోలేదు. అంకెలు నేను చదివాను, ఆమె రాసింది. ఒకచోట ఇరవై ఏడున్నరని ఇరవై ఎనిమిది అన్నాను. "ఎంత?" అంది తల ఎత్తకుండా. "ఇరవై ఏడున్నర," అన్నాను. ఆ తర్వాత గుండ్రం చేయలేదు. మర్నాడు పెట్టిన లోడు ఇరవై ఒక్క గంటలు పట్టింది. దీపం వెలిగేటప్పటికి ఆమె నా కుర్చీలో, కోటు కప్పుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపలేదు.

జూన్‌లో పెద్దమ్మకి వెల్లింగ్టన్ వెళ్ళే వేళ వచ్చింది. డెస్‌ని వదిలి రాలేనంది ఆంటీ. షెడ్డులో టోపీ నా చేతిలో పెట్టింది. అది డెస్ చెయ్యి లేచే రోజుల్లో అతనే అల్లిన టోపీ అని నాకు అప్పుడే తెలిసింది.

"కిటికీ వైపు తిరిగి కూర్చోకు. తిమింగలం కనబడిందని లేచావో..."

"లేవను."

"ఎవడితోనూ కబుర్లు పెట్టుకోకు. చేతులు ఊపి మాట్లాడతావు నువ్వు."

లేబొరేటరీలో గేజిని అప్పగించి, వారం తర్వాత మళ్ళీ వెళ్ళి తెచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. జలసంధి మధ్యలో జనమంతా ఒక్కసారిగా కిటికీల వైపు పరిగెత్తారు, అరిచారు, ఫోన్లు పైకెత్తారు. పక్క ముసలాయన నా చొక్కా పట్టుకుని, "చూడవయ్యా, జన్మకోసారి కనబడేది!" అన్నాడు. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను టోపీ అంచులో ఊడిన పోగుని చూస్తున్నాను.

సోమవారం టీ దగ్గర షొనా కుర్చీ నా వైపు తిప్పుకుంది. "చెప్పవోయ్. రెండుసార్లు వెళ్ళొచ్చావు. ఈసారి ఏం చూశావ్? ఓడని నువ్వే తోశావా?"

"ఏమీ చూడలేదు," అన్నాను.

బల్ల దగ్గర ఎవరూ నమ్మలేదు.

సాయంత్రం కాన్వాస్‌టౌన్ వెళ్ళి పెద్దమ్మతో సహా టోపీ ఆంటీకి ఇచ్చాను. వాకిట్లో నిలబడే దాన్ని చేతుల్లోకి తీసుకుని, వేళ్ళతో చుట్టూ తడిమింది. లోపల డెస్ ఆమెని పిలుస్తున్నాడు.

"కుదిపావా?"

"లేదు ఆంటీ."

తల ఊపింది. టోపీ తిరిగి నా చేతిలో పెట్టి, "షెడ్డులో, పై అరలో పెట్టు. తడి తగలకుండా," అని, తలుపు పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళింది.